నెలకి తొమ్మిది వేలు మిగిలితే ఏ అప్పుకి కట్టాలి? మా ఇంటి లెక్కలతో ఒక పోలిక

రెండేళ్ల కిందట ఒక ఆదివారం మధ్యాహ్నం, మా పిల్లాడి పాత లెక్కల నోటుబుక్కు వెనక పేజీలో మా అప్పులన్నీ మొదటిసారి ఒకేచోట రాశాం. అప్పటిదాకా కార్డు బిల్లు సంగతి మా వారికి తెలుసు, ఆడపడుచు దగ్గర తీసుకున్న చేబదులు సంగతి నాకు తెలుసు. మొత్తం ఎంతో ఇద్దరికీ తెలియదు.

ఆ పేజీ ఇలా ఉంది. క్రెడిట్ కార్డు 1,20,000. పర్సనల్ లోన్ ఇంకా 2,60,000, దానికి నెలకి 10,450 చొప్పున 30 ఈఎమ్‌ఐలు. ఎరువుల షాపు ఆయన దగ్గర ప్రోనోటు మీద లక్ష, రెండు రూపాయల వడ్డీ. ఫ్రిజ్ ఈఎమ్‌ఐ నెలకి 3,000, ఇంకా 6 నెలలు. ఆడపడుచుకి 25,000, వడ్డీ లేదు. కూడితే 5,23,000. ఇద్దరి జీతాలూ కలిపి నెలకి 66,000.

ఆ అంకె చూసి ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు. మీరూ అలాంటి పేజీ ముందు కూర్చుని ఉంటే ఒక మాట చెప్పాలి. 2019లో కేంద్ర గణాంక శాఖ చేసిన సర్వేలో వ్యవసాయ కుటుంబాల్లో అప్పు ఉన్నవి దేశం మొత్తం మీద 50.2 శాతం అయితే, ఆంధ్రప్రదేశ్‌లో 93.2 శాతం, తెలంగాణలో 91.7 శాతం. మాది వ్యవసాయ కుటుంబం కాదు, అద్దె ఇంట్లో ఉండే ఉద్యోగస్తులం. అయినా ఆ అంకెలు చూశాక, అప్పుని భార్యాభర్తలు ఒకరి దగ్గర ఒకరు దాచుకోవాల్సిన పని లేదనిపించింది. దాచినన్నాళ్లూ వడ్డీ పెరుగుతుందే తప్ప ఇంకేం జరగదు.

ఆ తర్వాత సలహాలు మొదలయ్యాయి. బంగారం పెట్టి కార్డు మూసెయ్యమని ఒకరు, చిన్న అప్పులు ముందు తీర్చేస్తే మనసు తేలిక పడుతుందని ఒకరు, అన్నీ కలిపి ఒకే లోన్ చేసుకోమని బ్యాంకు ఫోనులో అమ్మాయి, చిట్టీ వెయ్యమని పక్కింటావిడ. ప్రతి సలహాలోనూ కొంత నిజం ఉంది. ఏది ఎవరికి కుదురుతుందో మా లెక్కలతోనే చెబుతాను. మీ అంకెలు వేరుగా ఉంటాయి, లెక్క వేసే తీరు మాత్రం ఇదే.

ముందు అన్నిటినీ ఒకే కొలతలో పెట్టుకోండి

మా అత్తయ్య ఆ రోజు అన్న మాట: "బ్యాంకు వాళ్లేమో పదిహేను అంటున్నారు, ఈయన రెండే కదమ్మా తీసుకునేది. ముందు బ్యాంకుది తీర్చెయ్యండి." చాలా ఇళ్లలో ఇదే పొరపాటు జరుగుతుంది. రెండు రూపాయలంటే నూటికి నెలకి రెండు, అంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకు చెప్పే పదిహేను ఏడాది లెక్క. రూపాయి వడ్డీ 12 శాతం, రూపాయిన్నర 18, మూడు రూపాయలు 36. ఇది కాగితం మీద రాసి గోడకి అంటించాకే మా అత్తయ్యకి నమ్మకం కుదిరింది.

ఇంకో చోట కూడా మోసపోతాం. సామాను, బండ్ల మీద ఇచ్చే ఫైనాన్స్‌లో "ఫ్లాట్ 12 శాతం" అంటారు. లక్ష రూపాయలు రెండేళ్లకి ఫ్లాట్ 12 అంటే మొత్తం కట్టేది 1,24,000, నెలకి 5,167. అసలు నెలనెలా తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొదటి లక్ష మీదే పడుతుంది. బ్యాంకులు వేసే తగ్గే బాకీ పద్ధతిలో చూస్తే అది దాదాపు 21.6 శాతం. ఎవరైనా ఫ్లాట్ అన్న మాట అంటే ఇంచుమించు రెట్టింపు అనుకుని ఆలోచించండి.

కార్డు సంగతి వీటన్నిటికీ మించింది. మా కార్డు మీద నెలకి మూడున్నర శాతం, ఏడాదికి 42. ఆ వడ్డీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. రెండూ కలిపితే దాదాపు 50. అంటే మా పేజీలో అసలైన వరస ఇది: కార్డు 50, ప్రోనోటు 24, పర్సనల్ లోన్ 15, ఫ్రిజ్ సున్నా, చేబదులు సున్నా. మా అత్తయ్య చెప్పిన వరస దీనికి పూర్తిగా తలకిందులు.

కార్డు బాకీకి నాలుగు దారులు

మేము చాలా నెలలుగా చేస్తున్నది మొదటి దారి, అంటే మినిమం కట్టడం. బిల్లులో మినిమం 6,000 అని ఉంటుంది, కట్టేస్తాం, ఆ నెల ఫోన్లు రావు. ఒక నెల బిల్లు తీసి పెన్నుతో లెక్క వేశాను. వడ్డీ 4,200, దాని మీద జీఎస్టీ 756, కలిపి 4,956. అంటే కట్టిన ఆరు వేలలో అప్పు తగ్గింది 1,044 రూపాయలు. ఇంకేమీ కొనకుండా ఏడాదంతా ఇలా మినిమం కడుతూ పోతే దాదాపు 70 వేలు కట్టాక కూడా ఇంకా లక్షా 5 వేలు మిగిలే ఉంటుంది. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా గీకిన ప్రతి రూపాయికీ గీకిన రోజు నుంచే వడ్డీ. 45, 50 రోజులు వడ్డీ లేదన్న మాట బిల్లు పూర్తిగా కట్టేవాళ్లకే వర్తిస్తుంది.

మినిమం ఆపి, నెలకి 9,000 గట్టిగా కడితే? అదే కార్డులో ఉంచి కడితే 20 నెలలు పడుతుంది, వడ్డీ, జీఎస్టీ కలిపి 58 వేలు.

రెండో దారి బంగారం. ఏడాదికి 10 శాతానికి 1,20,000 గోల్డ్ లోన్ తీసుకుని కార్డు మొత్తం కట్టేసి, ఆ 9,000 లోన్‌కి కడితే 15 నెలల్లో తీరుతుంది. వడ్డీ 7,750 దాటదు. ఒకే డబ్బు, ఒకే ఇల్లు, తేడా 50 వేలు. వడ్డీ రేటు ఎక్కడ తీసుకుంటున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. ప్రభుత్వ బ్యాంకుల్లో తక్కువ, వీధి చివర ఫైనాన్స్ కంపెనీల్లో ఎక్కువ. పది నిమిషాల్లో డబ్బు చేతిలో పెడతామన్న చోట నెలకి రూపాయిన్నర, రెండు రూపాయలు పడుతుంటే, బ్యాంకులో సగం రోజు కూర్చోవడమే మేలు.

మూడో దారి, బంగారం లేనివాళ్లకి. కార్డు బ్యాంకుకే ఫోన్ చేసి బాకీ మొత్తాన్ని ఈఎమ్‌ఐగా మార్చమని అడగొచ్చు. 16 శాతానికి 18 నెలలు పెడితే నెలకి 7,543, వడ్డీ భాగం మీద జీఎస్టీ అదనం. మొత్తం మీద ఖర్చు 18,600 దాకా అవుతుంది. బంగారం దారి కంటే ఎక్కువే, కార్డులో వదిలేసినదానిలో మూడో వంతే. ప్రాసెసింగ్ ఫీజు ఎంతో ముందే అడగండి. కార్డు లిమిట్‌లో ఆ మేరకు కోత పడుతుందంటారు. పడనివ్వండి, మనకి కావాల్సింది అదే.

నాలుగోది ఫోనులో అమ్మాయి చెప్పినది. కార్డు బాకీని ఐదేళ్ల పర్సనల్ లోన్‌లో కలిపేస్తే 15 శాతమే, నెలకి 2,855 కడితే చాలు. విన్నప్పుడు ప్రాణం లేచొచ్చింది. ఆరు వేలు కడుతున్నవాళ్లకి మూడు వేల లోపు అంటే ఎలా ఉంటుందో చూడండి. రాత్రి కూర్చుని 60 నెలలతో గుణించాం: 1,71,287. అంటే వడ్డీ 51 వేలు. యాభై శాతం వడ్డీ కార్డుని 20 నెలల్లో తీర్చినా 58 వేలే కదా! రేటు మూడో వంతుకి తగ్గినా కాలం మూడింతలు సాగితే చివరికి చేతిలో మిగిలేది పెద్దగా ఉండదు. ఇలా అప్పులన్నీ ఒకే లోన్‌లో కలపడం, అంటే కన్సాలిడేషన్, చెడ్డదని అనను. ఆ లోన్‌నే 18 నెలలకి పెట్టుకోగలిగితే మంచిదే. ఈఎమ్‌ఐ ఎంత అని కాకుండా, మొత్తం ఎంత కడతాను అని అడగండి.

మేము బంగారం దారి ఎంచుకున్నాం. నా రెండు జతల గాజులు. ఆ రోజు బ్యాంకులో అప్రైజర్ వాటిని రాయి మీద గీసి, ఆమ్లం చుక్క వేసి చూస్తుంటే నా కళ్లు ఎందుకో అటే ఉండిపోయాయి. మా అమ్మ పెట్టినవి. బీరువాలో ఉన్నా వేసుకునేది ఏడాదికి రెండుసార్లే, అది నిజమే. అయినా తాకట్టు అన్న మాట తేలిగ్గా మింగుడుపడదు. మీ ఇంట్లో ఆడవాళ్ల బంగారం పెట్టే ముందు వాళ్లని అడగండి. వద్దంటే మూడో దారి ఎలాగూ ఉంది.

గోల్డ్ లోన్‌లో మూడు జాగ్రత్తలు. ఏడాది చివర వడ్డీ, అసలు ఒకేసారి కట్టే స్కీములే ఎక్కువ. మీరు మాత్రం మధ్యలో ఎంత ఉంటే అంత కట్టుకోవచ్చా అని అడిగి, కనీసం నెలనెలా వడ్డీ కట్టేయండి. రెండు, గడువుకి తిరగరాయించాలంటే అప్పటిదాకా అయిన వడ్డీ కట్టాలి. అది కూడా కట్టలేనివాళ్ల బంగారమే చివరికి వేలానికి వెళ్తుంది. మూడు, అవసరమైనంతే తీసుకోండి. రిజర్వ్ బ్యాంకు కొత్త నిబంధనల ప్రకారం 2026 ఏప్రిల్ 1 నుంచి రెండున్నర లక్షల లోపు లోన్‌కి బంగారం విలువలో 85 శాతం దాకా ఇవ్వొచ్చు. అంతకుముందు 75 శాతమే. ఎక్కువ వస్తుంది కదా అని ఇంకో 50 వేలు తీసుకుంటే, అది కార్డు బాకీ తీర్చడానికి తెచ్చిన డబ్బు కాదు, కొత్త అప్పు.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం వేరే ఉంది. బంగారంతో కార్డు ఖాళీ చేశాక కార్డు మళ్లీ గీకడం. ఏడాది తిరిగేసరికి బంగారం బ్యాంకులో, కార్డు మీద మళ్లీ లక్ష. మాకు తెలిసిన రెండు ఇళ్లలో ఇదే జరిగింది. అప్పు చోటు మార్చడం వేరు, తీర్చడం వేరు. తీర్చడానికి కావాల్సింది నెలనెలా మిగులు. అందుకే నాకు తెలిసినంతలో ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సిన చోటు ఇక్కడినుంచి మొదలవుతుంది.

మిగులు ఎక్కడినుంచి వచ్చింది

నెల ఖర్చులు రాసుకుంటే అద్దె 13,000, సరుకులు కూరగాయలు 9,000, పాలు 1,800, కరెంటు గ్యాసు ఇంటర్నెట్ 2,700, స్కూలు ఫీజుకి పక్కన పెట్టేది 5,000, పెట్రోలు 3,500, అత్తయ్య మందులు 2,500, ఫోన్లు 700. మొత్తం 38,200. అప్పుల మీద నెలకి కట్టేది 21,450: కార్డు మినిమం 6,000, పర్సనల్ లోన్ 10,450, నోటు వడ్డీ 2,000, ఫ్రిజ్ 3,000. రెండూ కలిపి 59,650. జీతాలు 66,000. అంటే ఆరు వేల పైచిలుకు మిగలాలి. మరి ప్రతి నెలా ఇరవయ్యో తారీకుకల్లా కార్డు ఎందుకు తీస్తున్నాం?

బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి చూస్తే ఆ నెలలో 143 యూపీఐ చెల్లింపులు. వాటిలో 97 రెండొందల లోపువి. టీ, సాయంత్రం పునుగులు, కర్రీ పాయింట్, పిల్లాడి చిప్స్, జ్యూస్, ఆటో. ఏదీ తప్పు ఖర్చు కాదు. కూడితే 8,200. వీటికి తోడు పెళ్లిళ్లకి చదివింపులు, బండి రిపేరు లాంటివి సగటున నెలకి రెండున్నర వేలు, అవి లెక్కలోనే లేవు. మొత్తం 10,700. మిగలాల్సింది 6,350. లోటు 4,350 కార్డు మీద పడుతోంది. మినిమం కట్టినందుకు వెయ్యి తగ్గి, దీనివల్ల నాలుగు వేలు పెరిగి, మా కార్డు బాకీ నెలకి మూడు వేలకి పైగా పైకే పోతోంది. అప్పు తీరుస్తున్నామనుకుంటూ పెంచుతున్నాం.

బడ్జెట్‌కి మూడు పద్ధతులు ప్రయత్నించాం. పుస్తకంలో రోజూ రాయడం మొదటిది. ఒక నెల రాస్తే ఎక్కడ పోతోందో తేటతెల్లంగా కనిపిస్తుంది, దానికి మించింది లేదు. కానీ రాయడం వల్ల ఖర్చు ఆగదు, అయిపోయాకే కదా రాసేది. మూడో వారానికి టెన్షన్ వచ్చి మా వారు రాయడం మానేశారు. రెండోది మా అమ్మమ్మల కాలం నాటి కవర్ల పద్ధతి, ఒక్కో ఖర్చుకి ఒక్కో కవరులో నోట్లు. అద్దె, స్కూలు ఫీజు అన్నీ కవర్లలో పెట్టడం ఈ రోజుల్లో కుదిరే పని కాదు, కానీ చిల్లర ఖర్చుకి దాన్ని మించిన మందు లేదు. ప్రతి ఆదివారం 500 తీసి ఒక కవరులో పెట్టేవాళ్లం. టీలూ పునుగులూ అన్నీ అందులోంచే. శుక్రవారానికి అయిపోతే శనివారం ఇంట్లోనే ఉప్మా. నోటు చేతిలోంచి పోతుంటే తెలుస్తుంది, ఫోనులో స్కాన్ చేస్తే తెలియదు.

మూడోది రెండు ఖాతాల పద్ధతి. జీతం పడే ఖాతాకి ఫోన్‌పే, గూగుల్ పే లింకు తీసేశాం. ఈఎమ్‌ఐలు, అద్దె, ఫీజు ఆ ఖాతాలోంచే పోతాయి. సరుకులు, పాలు, పెట్రోలు డబ్బు మాత్రం ఒకటో తారీకున రెండో ఖాతాకి పంపుతాం. యూపీఐ దానికే ఉంటుంది. అందులో అయిపోతే అయిపోయినట్టే. ఎస్ఎమ్ఎస్‌లు చదివి ఖర్చులు లెక్కగట్టే యాప్‌లు కూడా ఉన్నాయి. మన మెసేజీలన్నీ చదివే అనుమతి ఇవ్వడం నాకు ఇష్టం లేక వాడలేదు.

నన్నడిగితే, మొదటి నెల పుస్తకం, రెండో నెల నుంచి రెండు ఖాతాలు, చిల్లరకి కవరు. పుస్తకం ఒక్కటే పెట్టుకున్నవాళ్లు ఎక్కువకాలం నిలబడటం నేను చూడలేదు. చదివింపులకి, రిపేర్లకి నెలకి 1,500 విడిగా పెట్టడం మరిచిపోవద్దు. శ్రావణమాసం, మాఘమాసం ప్రతి ఏడాదీ వస్తాయి, పెళ్లిపిలుపు వచ్చిన రోజు కొత్త ఖర్చు వచ్చినట్టు కంగారు పడక్కర్లేదు.

చిల్లర 8,200 నుంచి 2,000కి దిగింది. కార్డు మూసేశాం కాబట్టి మినిమం ఆరు వేలూ చేతికొచ్చాయి. అలా నెలకి 8,850, తొమ్మిది వేలనుకోండి. అందులో వెయ్యి గోల్డ్ లోన్ వడ్డీకి. ఎనిమిది వేలు మిగులు.

వడ్డీ ఎక్కువదా, చిన్నదా: ఏది ముందు?

లెక్క ప్రకారం మిగులంతా ఎక్కువ వడ్డీ ఉన్న అప్పుకే పోవాలి. ఇందులో రెండో మాట లేదు. కార్డు బంగారంలోకి మారాక మా పేజీలో పైన ఉన్నది ప్రోనోటు, 24 శాతం. గాజుల మీద బెంగతో బంగారమే ముందు విడిపించాలని నాకు చాలా అనిపించింది. పది శాతం అప్పు తీర్చడానికి ఇరవై నాలుగు శాతం అప్పుని ఆపడం తప్పని మా వారు రెండు రోజులు చెప్పాక గానీ ఒప్పుకోలేదు.

చిన్న అప్పులు ముందు తీర్చేవాళ్ల వాదనలోనూ బలం ఉంది. పేజీలో ఒక గీత కొట్టేస్తే వచ్చే ఊపు వేరు. కానీ ఆ పద్ధతిని గుడ్డిగా పట్టుకుంటే మేము ఫ్రిజ్ ఈఎమ్‌ఐ ముందు కట్టేయాలి. వడ్డీ లేనిదాన్ని ముందే కడితే వచ్చేదేముంది? అది దాని దారిన ఆరు నెలల్లో అయిపోతుంది.

ఆడపడుచు చేబదులు దగ్గర మాత్రం లెక్క పక్కన పెట్టాం. వడ్డీ లేదు కాబట్టి చివరికి నెట్టొచ్చు. ఆవిడ ఎప్పుడూ అడగలేదు. ఆ జూన్‌లో కూతురి కాలేజీ ఫీజు గురించి మాట్లాడుతూ, మా వైపు చూసి మాట మార్చేసింది. అది చాలు. దాన్ని ముందు తీర్చితే ప్రోనోటు మూడు నెలలు వెనక్కి పోతుంది, అంటే మూడు రెళ్లు ఆరు వేల వడ్డీ అదనం. ఆరు వేలకి చుట్టరికంలో మొహం చాటేసే పరిస్థితి తప్పుతుందంటే నాకు ఎక్కువ అనిపించలేదు. వదిన చేతిలో డబ్బు పెడితే, "ఇప్పుడేం తొందర వచ్చిందే" అంది, కానీ తీసుకుంది.

అందుకని నా సలహా ఇది. రెండు మూడు నెలల్లో తీరిపోయే చేబదులు ఉంటే ముందు అది. తర్వాత వడ్డీ వరస. కానీ వీటన్నిటికీ ముందు ఒక 15 వేలు విడిగా పక్కన పెట్టండి. అప్పు పెట్టుకుని పొదుపేంటని అడుగుతారు. రెండో నెలలోనే పిల్లాడికి డెంగ్యూ జ్వరం వచ్చింది. ఆ డబ్బు లేకపోతే కార్డు మళ్లీ తీసేవాళ్లం.

ప్రోనోటు సంగతి కాస్త వివరంగా

వడ్డీకిచ్చేవాళ్లకి అసలు తొందరగా తిరిగి రావడం అంత ఇష్టం ఉండదు. "ఏం తొందర తల్లీ, వడ్డీ సరిగ్గానే ఇస్తున్నారుగా, అసలు నిదానంగా చూసుకుందాం" అన్నారు ఆయన. మూడేళ్లుగా నెలకి రెండు వేలు కడుతున్నాం. 72 వేలు ఇచ్చాం, అసలు లక్షకి లక్షా అలాగే ఉంది. నెలకి ఐదు వేలు ఇస్తాం తీసుకోండి అంటే ఒప్పుకోలేదు, చిల్లర చిల్లరగా వద్దన్నారు. బేరమాడి పాతికవేల చొప్పున నాలుగుసార్లు అని ఒప్పించాం. పాతిక ఇచ్చిన ప్రతిసారీ వడ్డీ నెలకి ఐదొందలు తగ్గాలి, అది ముందే మాట అనుకోండి.

ఇచ్చిన ప్రతిసారీ నోటు వెనక జమ రాయించాం. తేదీ, మొత్తం, సంతకం. డబ్బు కూడా ఖాతా నుంచి ఖాతాకే పంపాం. చివరి పాతిక ఇచ్చిన రోజు చెల్లు రాయించి నోటు వెనక్కి తీసుకున్నాం. నోటు ఎక్కడో పెట్టాను, దొరికాక ఇస్తాలే అంటే వినొద్దు. దొరికాకే చివరి పాతిక ఇస్తామనండి.

ఆ లక్షకి కూడా మొదట్లోనే గోల్డ్ లోన్ తీసుకుంటే ఇంకా తక్కువ అయ్యేది. అంత బంగారం మా దగ్గర లేదు. మీ దగ్గర ఉంటే ఆలోచించాల్సిన పనే లేదు.

బంగారం లేనివాళ్లకి ఇంకో రెండు చోట్లు. ఇంట్లో అమ్మో అత్తో డ్వాక్రా సంఘంలో ఉంటే, గ్రామీణ సంఘాలకి 3 లక్షల దాకా బ్యాంకు రుణం 7 శాతానికే వస్తుంది. అందులో మీ వాటాతో రెండు రూపాయల అప్పు తీర్చుకోవచ్చు. కాకపోతే అది పదిమంది ఆడవాళ్ల పరువుతో ముడిపడిన డబ్బు, ఒక్క వాయిదా కూడా తప్పకూడదు. ఎల్ఐసీ పాలసీ పాతదైతే, సరెండర్ విలువలో (పాలసీ మధ్యలో ఆపేస్తే చేతికొచ్చే డబ్బులో) 90 శాతం దాకా దాని మీదే అప్పు ఇస్తారు. పాలసీ రద్దు చేసుకోవడం కంటే అది మెరుగు. బ్యాంకులో ఎఫ్‌డీ పెట్టుకుని కార్డు వడ్డీ కడుతున్నవాళ్లు కూడా ఉన్నారు. ఆ ఎఫ్‌డీ రేపే తీసేయండి.

చిట్టీ గురించి చాలామంది అడుగుతారు. ఇప్పటికే సగం కట్టిన చిట్టీ ఉంటే, పాట ఎంత దాకా పోతోందో చూసి, ఎత్తి ఖరీదైన అప్పు తీర్చడం మంచిదే. అప్పు తీర్చడానికని కొత్తగా చేరి రెండో నెలలోనే పాడితే, రెండు లక్షల చిట్టీకి చేతికొచ్చేది లక్షా నలభై, లక్షా యాభై ఉంటుంది. ఆ తేడా వడ్డీయే, పేరు వేరంతే. జామీనులు కూడా కావాలి. ఏ చిట్టీ అయినా 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టర్ అయి ఉండాలి. నిర్వాహకుల కమీషన్ 7 శాతం మించకూడదని 2019లో సవరణ వచ్చింది. తెలిసినావిడే కదా అని వీధిలో వేసే చిట్టీలో అప్పు తీర్చే డబ్బు పెట్టకండి.

దగ్గరికి రానివ్వకూడనివి

లోన్ యాప్‌లు. 2020 డిసెంబరులో హైదరాబాదులో ఏం జరిగిందో మర్చిపోవద్దు. వేల రూపాయల అప్పుకి కాంటాక్టుల్లో ఉన్నవాళ్లందరికీ మెసేజీలు పంపి పరువు తీస్తే ప్రాణాలు తీసుకున్నారు, పోలీసులు అరెస్టులు చేశారు. 2022లో రిజర్వ్ బ్యాంకు డిజిటల్ లోన్ నిబంధనలు తెచ్చింది. యాప్ మీ కాంటాక్టులు, ఫోటోలు అడిగితే అది నిబంధనలకి విరుద్ధం, ఆ క్షణమే తీసేయండి. ఇప్పటికే ఇరుక్కుని బెదిరింపులు వస్తుంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి.

కార్డు సెటిల్‌మెంట్. లక్షా ఇరవైకి డెబ్బై కట్టండి, వదిలేస్తాం అంటారు. వినడానికి బాగుంటుంది, కానీ సిబిల్ రిపోర్టులో క్లోజ్డ్ అని కాకుండా సెటిల్డ్ అని పడుతుంది. రేపు ఇంటి లోన్‌కి వెళ్తే అదే అడ్డం. ఉద్యోగం పోయి, నిజంగా వేరే దారి లేనివాళ్లకి తప్ప మిగతావాళ్లకి వద్దు. రికవరీ వాళ్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన. చేస్తే ముందు బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, కదలకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి, అంటే బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే అధికారికి. రిజర్వ్ బ్యాంకు నంబరు 14448లో అడిగితే ఎలా చేయాలో చెబుతారు.

తీరాక తీసుకోవాల్సిన కాగితాలు

కార్డు బాకీ కట్టేశాక మేము కార్డు కూడా మూయించాం. ఆ బ్యాంకు వాళ్లు మూడుసార్లు ఫోన్ చేసి లిమిట్ పెంచుతామన్నారు. బాకీ లేని కార్డుని మూయమని అడిగితే 7 పనిదినాల్లో మూయాలి, ఆలస్యమైతే రోజుకి 500 మనకి కట్టాలి. ఈ నిబంధన 2022 నుంచి ఉందని ఈమెయిల్‌లో రాశాకే పని అయింది. నో డ్యూ సర్టిఫికెట్ తీసుకోండి. ఏడాదికి ఒకసారి ఒక్కో క్రెడిట్ బ్యూరో నుంచి పూర్తి రిపోర్టు ఉచితంగా వస్తుంది. రెండు నెలలాగి అందులో క్లోజ్డ్ అని పడిందో లేదో చూసుకోండి.

పర్సనల్ లోన్ ముందే కట్టేద్దామా అని మేమూ చూశాం. ఫిక్సెడ్ వడ్డీ లోన్‌లకి ముందస్తు చెల్లింపు చార్జీ వేస్తుంటారు, మా అగ్రిమెంటులోనూ ఉంది. ప్రోనోటు, బంగారం ఉండగా పదిహేను శాతం దానికి చార్జీ కట్టి మరీ తొందరపడటంలో అర్థం లేదనిపించి దాన్ని ముట్టుకోలేదు.

మా వరస ఎలా నడిచిందో చెప్పి ఆపుతాను. మొదటి రెండు నెలలు 15 వేల నిల్వ, తర్వాత మూడు నెలలు వదిన డబ్బు. ఆరో నెలలో ఫ్రిజ్ అయిపోయి ఇంకో మూడు వేలు కలిసొచ్చాయి. డెంగ్యూ ఖర్చు నిల్వలోంచి పోయింది, దాన్ని మళ్లీ పూడ్చింది మా వారి దసరా బోనస్. ఎనిమిదో నెలలో మొదటి పాతికవేలు, పద్నాలుగో నెలలో చివరి పాతిక. ఈలోగా గోల్డ్ లోన్ ఏడాది నిండితే ఒకసారి తిరగరాయించాం. ప్రోనోటు పోయాక నెలకి 14,000 చొప్పున దానికే కడితే తొమ్మిది నెలల్లో తీరింది. డబ్బు కట్టాక బంగారం 7 పనిదినాల్లో ఇవ్వాలన్నది కూడా కొత్త నిబంధనల్లోనే ఉంది, బ్యాంకు తప్పువల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 చొప్పున మనకివ్వాలి. మాకు ఆ రోజే ఇచ్చేశారు. గాజులు ఇంటికి తెచ్చి తూకం చీటీతో సరిచూసుకుని, నోటుబుక్కు వెనక పేజీలో నాలుగో గీత కొట్టాం. పర్సనల్ లోన్‌ది ఇంకా ఏడు ఈఎమ్‌ఐలు ఉన్నాయి. ఆదివారం ఐదొందల కవరు ఇంకా నడుస్తూనే ఉంది.